మిరపఘాటు

మిర్చియార్డు పనిలో ఒక సుఖం ఉంది:
ఏడిస్తే ఎవరూ అడగరు.

ఏటుకూరు రోడ్డు గోడౌన్‌లో
తొడిమలు తీసే నలభైమందిమి,
అందరి కళ్లూ ఎర్రనే,
అందరి ముక్కులూ కొంగుల్లోనే.
పద్నాలుగు నెలలు అక్కడే కూర్చుని ఏడ్చాను,
కిలోకి ఇంతని కూలి తీసుకుంటూ.
"ఈ ఏడు కాయ ఘాటెక్కువే" అంది పక్కనున్న మస్తాన్‌బీ.
అవునన్నాను.

ఎందుకని అడక్కండి.
కారణం దొరికుంటే దాన్నే తిట్టుకునేదాన్ని.

ఇంటికొచ్చి అన్నం వండేదాన్ని, అది మానలేదు.
కూరలో ఉప్పు రెండుసార్లు పడిన రోజు
మా ఆయన పళ్లెంలో కూర పక్కకి జరిపి
మజ్జిగ పోసుకు తిన్నాడు. ఒక్క మాట అనలేదు.
ఏదన్నా అనుంటే బాగుండేది.

రాత్రి మూడింటికి గూడ్సు బండి.
పడుకునే పెట్టెలు లెక్కపెట్టేదాన్ని.
యాభై ఎనిమిది.
ఒక్కోసారి యాభై తొమ్మిది.

చెయ్యి తిమ్మిరని, గుండె దడని, అరికాళ్లు మంటని
ఆర్‌ఎంపీ దగ్గరికి నాలుగుసార్లు,
నాలుగు సూదులు, ఒక సెలైను సీసా.
నల్లచెరువులో ఒకావిడ తాయెత్తు కట్టింది.
దారం ఇంకా ఉంది, రేకు ఎక్కడ పడిపోయిందో.

మా పేట ఆరోగ్య కేంద్రంలో గురువారం బీపీలు చూస్తారు.
"నాంచారమ్మా!" అని పిలిచింది నర్సు సువార్తమ్మ.
పట్టీ చుట్టి, గాలి కొట్టి, వదిలి,
నూట ముప్పై, ఎనభై నాలుగు అని రాసుకుంది.
లేవబోయాను.
పట్టీ విప్పలేదావిడ.
"నిద్ర పడుతోందా?"

ఇదేం ప్రశ్న! పడుతుందన్నాను.
"మెలకువెప్పుడొస్తుంది?"
"గూడ్సు బండప్పుడు."
"ఎన్ని పెట్టెలుంటాయేంటి దానికి?"

చెప్పాను.
చెప్పాక కళ్లు కారడం మొదలెట్టాయి.
చుట్టూ చూశాను.
డెట్టాలు వాసన, గోడకి టీకాల పట్టిక,
ఒక్క మిరపకాయ లేదు ఆ గదిలో.

డాక్టరమ్మది చిన్న వయసు, మా పెద్దదానికంటే ఓ ఏడాది పెద్దదేమో.
ఒక కాగితం చూసి తొమ్మిది ప్రశ్నలు అడిగింది.
చివరిది అడిగేముందు లేచి తలుపు వేసొచ్చింది.
దానికి నేనేం చెప్పానో ఇక్కడ చెప్పను.
చెప్పినా ఆవిడ కుర్చీ వెనక్కి జరుపుకోలేదు,
అదొక్కటీ చెప్తాను.

"వైజాగు పంపుతారామ్మా నన్ను?"
"ఎందుకూ? బీపీకి వచ్చినట్టే ఇక్కడికే రా,
పదిహేను రోజులకోసారి.
నాకు అంతుచిక్కకపోతే
ఫోన్లో పెద్ద డాక్టరుని అడుగుతాను, నీ ముందే."

మొదటి పదిరోజులూ నోరెండిపోయింది, కడుపులో తిప్పింది.
మానేద్దామనుకున్నరోజే ఆశా ఏసమ్మ వచ్చి మెట్లమీద చతికిలబడి
గోరుచిక్కుడు తుంచుకుంటూ
తనకీ ఓ కాలంలో ఇట్టాగే ఉండేదంది.
సగం మాత్ర వేసుకోమంది డాక్టరమ్మ, ఆ తర్వాత నిండు మాత్ర.

బుధవారాలు సచివాలయం మేడమీద
ఆరుగురు ఆడవాళ్లం, ఒక ఆటో అబ్బాయి.
అతను ఏమీ మాట్లాడడు. టీ తెస్తాడు.
చక్కెర తక్కువ ఎవరికో, అసలొద్దన్నది ఎవరో
అతనికి గుర్తే.

బాగైపోయానని కాదు.
మొన్న మాత్రం ముప్పై ఒకటో పెట్టె దగ్గర లెక్క తప్పింది,
చూసేసరికి పాలవాడు తలుపు కొడుతున్నాడు.
కూర చప్పగా ఉందన్నాడు మా ఆయన.
ఎంత హాయిగా పోట్లాడానో!

గోడౌన్‌లో మళ్లీ అదే మాట మస్తాన్‌బీది,
"కాయ ఘాటెక్కువే ఈ ఏడు."
"నాది ఘాటు కాదే, మస్తానూ" అన్నాను.

తలెత్తలేదు.
రెండు గుప్పెళ్ల కాయలకి తొడిమలు తీసింది.
కొంగుతో ముక్కు తుడుచుకుంది.
"ఆ సువార్తమ్మ... గురువారాలేనా?"

పెందలాడే వెళ్లమన్నాను.
తొమ్మిది దాటితే ఫ్యాను కింద చోటు దొరకదు.